వైట్ గట్: రొయ్య పేగులో అసలేం జరుగుతోంది?

చెరువులో గాలివాటున ఉన్న మూలకు వెళ్ళి చూస్తే నీటి మీద తెల్లటి దారపు ముక్కల్లాంటివి తేలుతుంటాయి. వేళ్ళ మధ్య పెట్టి నలిపితే జిడ్డుగా చెదిరిపోతాయి. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉంటుంది. ట్రేలో ఉన్న రొయ్యల వీపున ముదురు గీతలా కనబడాల్సిన పేగు పాలిపోయి, మధ్యమధ్య ఖాళీగా ఉంటుంది. భీమవరం నుంచి నెల్లూరు దాకా దీన్ని వైట్ గట్ అనో, వైట్ ఫీకల్ అనో అంటారు. ఎందుకొచ్చిందని అడిగితే మాత్రం తలా ఒక మాట. మేత కంపెనీ టెక్నీషియన్ సీడ్ మీదికి, అంటే చెరువులో వదిలిన రొయ్య పిల్లల మీదికి తోస్తాడు. ఆ పిల్లల్ని పొదిగించి అమ్మే హేచరీవాళ్ళు చెరువు అడుగు బాగోలేదంటారు. మందుల షాపులో విబ్రియో అనే బాక్టీరియా పెరిగిందంటారు. ల్యాబ్ రిపోర్టులో ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి పాజిటివ్ అని ఉంటుంది. తమాషా ఏమిటంటే, వీళ్ళలో ఎవరిదీ పూర్తిగా అబద్ధం కాదు.

ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు రొయ్య కడుపులోకి వెళ్ళాలి. వ్యాధి పేర్ల సంగతి ఆ తర్వాత.

తలలో హెచ్‌పీ, వీపున పేగు

రొయ్య మింగిన మేత ముందు తల పెంకు కింద ఉన్న జీర్ణకోశంలోకి చేరుతుంది. అక్కడ పళ్ళలాంటి గట్టి భాగాలు దాన్ని నలిపి పిండి చేస్తాయి. మెత్తబడిన భాగం వడపోతకు గురై, పక్కనే ఉన్న హెపాటోపాంక్రియాస్ అనే గ్రంథిలోకి వెళ్తుంది. రైతులు, టెక్నీషియన్లు దీన్నే హెచ్‌పీ అంటారు. మనకు కాలేయం, క్లోమం విడివిడిగా చేసే పనులు రొయ్యకు ఇదొక్కటే చేస్తుంది. లోపల సన్నటి గొట్టాలు వందల్లో ఉంటాయి. జీర్ణరసాలు ఊరేదీ, పోషకాలు ఒంటికి పట్టేదీ, కొవ్వు నిల్వ ఉండేదీ ప్రధానంగా వీటి గోడల కణాల్లోనే. మిగిలిన పిప్పి వీపు వెంట సాగే పేగులోకి వెళ్ళి మలంగా బయటపడుతుంది.

ఇక్కడ ఒక శరీర నిర్మాణ రహస్యం ఉంది. జీర్ణకోశానికీ పేగు చివరి భాగానికీ లోపలివైపు కూడా పెంకు లాంటి పూత ఉంటుంది. రొయ్య పొర విడిచినప్పుడల్లా పై పెంకుతోపాటు ఆ లోపలి పూత కూడా ఊడిపోయి కొత్తది వస్తుంది. అక్కడ క్రిములు అతుక్కున్నా చాలావరకు దాంతోనే పోతాయి. మధ్య పేగుకూ హెచ్‌పీకీ ఆ కవచం లేదు. పేగు జబ్బుల గొడవంతా ఆ రెండు చోట్లే ఎక్కువగా జరగడానికి అదొక పెద్ద కారణం.

నీటి మీద తేలే తెల్లటి ముక్క కూడా నిజానికి పేగులో తయారైంది కాదు. హెచ్‌పీ గొట్టాల నుంచి ఊడివచ్చిన కణాల ముక్కలు, కొవ్వు బిందువులు, బాక్టీరియా, ఒక్కోసారి పరాన్నజీవి స్పోర్లు, అంటే దాని విత్తనాల్లాంటి కణాలు, ఇవన్నీ కలిసి పేగు గుండా బయటికి వచ్చిన సరుకు అది. మేత రంగు లేకపోవడానికి కారణం, అందులో మేత కంటే రొయ్య సొంత శరీరమే ఎక్కువగా ఉండటం. తేలడానికి కారణం కొవ్వు.

పేర్ల గందరగోళం

వైట్ గట్ ఒక లక్షణం. జ్వరం ఎలాగో అలాగే, దాని వెనుక ఏముందో పేరును బట్టి తెలియదు. దీనికి భిన్నంగా ఈహెచ్‌పీ అనేది ఒక జీవి. 2009లో పెట్టిన పూర్తి పేరు ఎంటెరోసైటోజూన్ హెపాటోపెనై. శిలీంధ్రాలకు దగ్గరి చుట్టరికం ఉన్న మైక్రోస్పోరిడియా అనే వర్గానికి చెందిన పరాన్నజీవి. దీని స్పోరు పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు, అంటే చాలా బాక్టీరియాల కంటే చిన్నది. హెచ్‌పీ కణంలోకి దూరి అక్కడే పెరిగి, కణం పగిలినప్పుడు స్పోర్లను వదులుతుంది. వాటిని మలంతోనో, చచ్చిన రొయ్యను పీక్కు తిన్నప్పుడో పక్క రొయ్య మింగుతుంది. మధ్యలో మరో జీవి సాయం అక్కర్లేదు.

మైక్రోస్పోరిడియా మనకు కొత్తేమీ కాదు. హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతులు భయపడే పెబ్రిన్ తెగులు ఈ వర్గానిదే. 1865లో లూయీ పాశ్చర్ ఫ్రాన్సులో పట్టుపురుగుల జబ్బు మీద పనికి దిగి, చివరికి తేల్చిన మార్గం మందు కాదు. గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకచిలుకను నలిపి సూక్ష్మదర్శిని కింద చూడటం, తెగులుంటే ఆ గుడ్లు పారేయడం. ఇప్పటికీ పట్టు గుడ్ల కేంద్రాల్లో నడిచేది ఆ పద్ధతే. రొయ్య హేచరీల్లో సీడ్‌కు పీసీఆర్, అంటే డీఎన్ఏను రెట్టింపు చేస్తూ క్రిమి జాడ పట్టే పరీక్ష చేయించడం వెనుక ఉన్న ఆలోచనా అదే కుటుంబానిది.

మూడోది విబ్రియో. ఇది ఒక్క జీవి పేరు కాదు, ఉప్పునీళ్ళలో సహజంగా బతికే బాక్టీరియాల ప్రజాతి. ఆరోగ్యంగా ఉన్న రొయ్య పేగులోనూ విబ్రియోలు ఉంటాయి. వీటిలో కొన్నిరకాలు మాత్రమే ప్రమాదకరం. విబ్రియో పారాహీమోలిటికస్‌లో కొన్ని రకాలు ప్లాస్మిడ్ అనే అదనపు డీఎన్ఏ ముక్క ద్వారా పిర్-ఏ, పిర్-బి అనే జంట విషాలను తయారుచేస్తాయి. 2009 ప్రాంతంలో చైనాలో మొదలై వియత్నాం, మలేషియా, థాయ్‌లాండ్‌లను ముంచిన ఈఎంఎస్ (ఎర్లీ మోర్టాలిటీ సిండ్రోమ్) వ్యాధికి మూలం ఈ విబ్రియో రకాలేనని 2013లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయ బృందం తేల్చింది. ఈఎంఎస్‌లో పిల్లలు వదిలిన నెల రోజుల్లోపే కుప్పలుగా చచ్చిపోతాయి. వైట్ గట్ సాధారణంగా పంట సగానికి వచ్చాక కనబడుతుంది. రెండూ ఒకటి కావు.

చావు లేకుండానే నష్టం

1990ల మధ్యలో టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన వైట్ స్పాట్ వైరస్ కథ వేరు. కొద్ది రోజుల్లోనే చెరువు ఖాళీ అయ్యేది, ఏం జరిగిందో పసిపిల్లాడికైనా అర్థమయ్యేది. 2009లో మన దేశానికి అనుమతితో వచ్చిన వనామీ అనే విదేశీ రకం రొయ్యలో ఈహెచ్‌పీ చేసే నష్టం అలా కంటికి కనబడదు. అయినా దేశంలో రొయ్యల జబ్బుల నష్టం లెక్కగట్టిన చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పరిశోధన సంస్థ, అంటే సీబా శాస్త్రవేత్తలు ఈహెచ్‌పీ వాటానే వైట్ స్పాట్ కంటే ఎక్కువగా చూపారు.

ఎలాగో ఒక ఎకరం చెరువు మీద వేసి చూద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే. 1,60,000 పిల్లలు వదిలారు, 80 శాతం బతికాయి, అంటే 1,28,000 రొయ్యలు. బాగున్న చెరువులో 50 కౌంట్, అంటే కిలోకు యాభై వచ్చాయనుకుందాం. ఒక్కోటి 20 గ్రాములు, మొత్తం 2,560 కిలోలు. కిలో రొయ్యకు 1.4 కిలోల మేత పడితే 3,584 కిలోల మేత.

ఈహెచ్‌పీ ఉన్న చెరువులోనూ అన్నే బతికాయి. కానీ అదే రోజుకు 80 కౌంట్ దగ్గర ఆగిపోయాయి. ఒక్కోటి 12.5 గ్రాములు, మొత్తం 1,600 కిలోలు. కిలోకు మేత 1.9కి ఎగబాకింది, అంటే 3,040 కిలోలు. మేత కిలో 100 రూపాయలు, 50 కౌంట్ ధర 350, 80 కౌంట్ ధర 260 అనుకుంటే: మొదటి చెరువులో అమ్మకం 8,96,000, మేత పోగా మిగిలింది 5,37,600. రెండో చెరువులో అమ్మకం 4,16,000, మేత పోగా మిగిలింది 1,12,000. సీడు, కరెంటు, డీజిల్, లీజు ఇంకా తీయనేలేదు, అవి రెండింటికీ దాదాపు ఒకటే.

చెరువులో అదనంగా ఒక్క రొయ్య కూడా చావలేదు. బరువు తగ్గడం ఒక దెబ్బ, కౌంట్ పడిపోయి ధర తగ్గడం రెండో దెబ్బ, తిన్న మేత ఒంటికి పట్టకపోవడం మూడోది. అందుకే రొయ్యలు పట్టే దాకా రైతుకు నష్టం తెలియదు. వైట్ గట్ కనబడిన చెరువులో మేత తినడం కూడా మానేసి, కొన్నిసార్లు రోజూ కొద్దికొద్దిగా చావులు మొదలవుతాయి.

అసలు దోషి ఎవరన్న వాదన

2004లో థాయ్‌లాండ్‌లో ఎదుగుదల ఆగిన టైగర్ రొయ్యల్లో ఒక మైక్రోస్పోరిడియన్ కనబడింది. 2009లో దానికి ఎంటెరోసైటోజూన్ హెపాటోపెనై అని పేరుపెట్టారు. కొన్నాళ్ళకు వనామీ చెరువుల్లో వైట్ గట్ విజృంభించేసరికి సహజంగానే వేలు దాని వైపే తిరిగింది. కానీ 2013లో థాయ్ శాస్త్రవేత్తలు దీనికి ఎదురు చెప్పారు. తెల్ల మలం ఉన్న చెరువుల్లోనూ లేని చెరువుల్లోనూ ఈహెచ్‌పీ దొరికింది. ల్యాబ్‌లో ఆరోగ్యమైన రొయ్యలకు అంటించినప్పుడు ఈహెచ్‌పీ సోకింది గానీ తెల్ల మలం రాలేదు. కాబట్టి కారణం ఇది కాదన్నారు.

అంతకుముందు మరో పొరపాటు నడిచింది. సూక్ష్మదర్శిని కింద తెల్ల మలంలో పురుగుల్లాంటి సన్నటి ఆకారాలు కనబడేవి. వాటిని గ్రెగరైన్లు అనే ప్రోటోజోవా జీవులని చాలామంది అనుకుని దానికి తగ్గ మందులు వాడారు. 2014లో థాయ్ బృందమే తేల్చిందేమిటంటే అవి జీవులే కావు. హెచ్‌పీ కణాల అంచున ఉండే సన్నటి వెంట్రుకల్లాంటి భాగాలు ఊడి, చుట్టుకుని, పురుగు ఆకారం దాల్చాయి. లేని పురుగుకు మందు వేశారన్నమాట.

2020లో చైనా నుంచి వచ్చిన ప్రయోగం ఆలోచనను మరో దారి పట్టించింది. ఒక జబ్బుకు ఫలానా క్రిమే కారణమని చెప్పడానికి పంతొమ్మిదో శతాబ్దంలో రాబర్ట్ కాక్ పెట్టిన నియమాలున్నాయి: క్రిమిని రోగి నుంచి విడదీయాలి, ఆరోగ్యంగా ఉన్నదానికి ఎక్కించాలి, అదే జబ్బు రావాలి. చైనా బృందం ఒక్క క్రిమిని కాకుండా, జబ్బుపడిన రొయ్య పేగులోని బాక్టీరియా సమూహాన్ని మొత్తంగా తీసి ఆరోగ్యమైన రొయ్యలకు ఎక్కించింది. వాటిలో వైట్ గట్ లక్షణాలు కనబడ్డాయి. దోషి ఒక జీవి కానక్కర్లేదు, సమూహం పొందిక చెడటమే జబ్బు కావచ్చని వాళ్ళ వాదన.

మరుసటి ఏడాది అరిజోనా బృందం రెండు వాదాలనూ ఒక చోటికి తెచ్చింది. ఈహెచ్‌పీ సోకిన రొయ్యలకు, వైట్ గట్ చెరువు నుంచి తీసిన ఒక ప్రత్యేక విబ్రియో పారాహీమోలిటికస్ రకాన్ని కూడా ఇచ్చినప్పుడు తెల్ల మలం ప్రయోగశాలలోనే వచ్చింది. అంటే హెచ్‌పీ గోడను పరాన్నజీవి గుల్ల చేస్తే, ఆ సందులోంచి బాక్టీరియా చొరబడుతోంది. 2013 నాటి ఫలితం తప్పు కాదని కూడా దీంతో అర్థమవుతుంది. ఒంటరి ఈహెచ్‌పీతో ఎదుగుదల ఆగుతుంది, తెల్ల మలానికి తోడు కావాలి.

నా అంచనాలో ఈ నాలుగింటిలో బరువైన సాక్ష్యం చివరిదే, ఎందుకంటే అందులో ఏది ఉంటే ఏమొస్తుందో విడదీసి చూపారు. అయితే అది ఒక రకం విబ్రియోతో తేలిన సంగతి. ఈహెచ్‌పీ లేని చెరువులో, బూజుపట్టిన మేత వల్లనో నీలి ఆకుపచ్చ నాచు విషాల వల్లనో హెచ్‌పీ దెబ్బతిని తెల్ల మలం రాకూడదన్న నియమం దానివల్ల ఏర్పడదు.

ఇంగ్లాండ్ లాబ్‌స్టర్లు చెప్పే మాట

సమూహం పొందిక అన్న మాట గాలి కబురులా అనిపించవచ్చు. రొయ్యకు పెద్దమ్మ కూతురి వరసైన లాబ్‌స్టర్ మీద జరిగిన ఒక అధ్యయనం దీన్ని స్పష్టంగా చూపిస్తుంది. ఇంగ్లాండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లో యూరోపియన్ లాబ్‌స్టర్ పిల్లల్ని హేచరీలో పెంచుతారు. ఇవి ఒకదాన్నొకటి తినేస్తాయి కాబట్టి ఒక్కోదాన్ని విడివిడి అరల్లో ఉంచుతారు. పరిశోధకులు ఒకే ఈడు పిల్లల్లో కొన్నింటిని ఒడ్డున ఉన్న తొట్లలో ఉంచి, మిగతావాటిని పెట్టెల్లో పెట్టి సముద్రంలో వేలాడదీశారు. ఏడాదిపాటు వాటి పేగు బాక్టీరియాను గమనించారు.

2020లో వెలువడిన ఫలితం ప్రకారం సముద్రంలో పెరిగినవాటి పేగులో బాక్టీరియా రకాలు స్పష్టంగా ఎక్కువ. రకాలు తక్కువగా ఉన్నచోట, హెచ్‌పీకి సోకే ఒక నూడివైరస్ ఎక్కువగా కనబడింది. ఈ వైరస్‌ను అంతకు ఏడాది ముందే అదే లాబ్‌స్టర్లలో కనిపెట్టారు.

ఇక్కడే జాగ్రత్త కావాలి. బాక్టీరియా రకాలు తగ్గడం వల్ల వైరస్ అంటిందా, వైరస్ అంటడం వల్ల రకాలు తగ్గాయా? రెండూ ఒకేచోట కనబడటం చూసి ఏది ముందో చెప్పలేం. సముద్రంలో దొరికే సహజమైన తిండి కూడా తేడాకు కారణం కావచ్చు. వనామీ పేగు మీద వచ్చే చాలా అధ్యయనాలదీ ఇదే పరిమితి. జబ్బు చెరువులో ఫలానా బాక్టీరియా ఎక్కువుందని చెప్పినంత మాత్రాన అదే జబ్బు తెచ్చిందని కాదు.

పచ్చ కాలనీ, పసుపు కాలనీ

భీమవరం, నెల్లూరు ల్యాబుల్లో నీటి నమూనాను టీసీబీఎస్ అనే మాధ్యమం పోసిన ప్లేటు మీద పూసి, మర్నాడు కాలనీలు లెక్కబెడతారు. పంచదార వాడుకోగల విబ్రియోలు పసుపుగా, వాడుకోలేనివి పచ్చగా పెరుగుతాయి. పారాహీమోలిటికస్ పచ్చ గుంపులోది కాబట్టి పచ్చ అంటే ప్రమాదం, పసుపు అంటే పర్లేదు అనే మాట స్థిరపడిపోయింది.

ఈ సూత్రంలో సగమే నిజం. ప్లేటు చెప్పేది ఆ బాక్టీరియా పంచదార తింటుందా లేదా అన్న ఒక్క ముక్కే. విషం తయారుచేసే జన్యువు ఉందో లేదో రంగు చెప్పదు. పచ్చ కాలనీల్లో నిరపాయమైనవి బోలెడు, పసుపు పూసేవాటిలో రొయ్యను జబ్బు పరిచేవీ ఉన్నాయి. మరోవైపు పసుపు కాలనీలిచ్చే విబ్రియో ఆల్జినోలిటికస్ రకం ఒకదాన్ని 1990ల్లో ఈక్వడార్ హేచరీల్లో ప్రోబయోటిక్‌గా, అంటే మేలుచేసే బాక్టీరియాగా వాడారు కూడా. వారం వారం ఒకే చెరువు సంఖ్య ఎలా మారుతోందో చూడటానికి ప్లేటు పనికొస్తుంది, ఒక్క రోజు రంగు చూసి తీర్పు చెప్పడానికి చాలదు.

ప్రోబయోటిక్ పేచీ

గోదావరి జిల్లాల్లో చెరువు గట్టు మీద డ్రమ్ములో తవుడు, బెల్లం, ప్రోబయోటిక్ పొడి కలిపి పులియబెట్టడం మామూలే. ఆ పొడిలో ఉండేది ఎక్కువగా బాసిల్లస్ జాతి బాక్టీరియా. సమర్థించేవాళ్ళ వాదనలో బలముంది. బాసిల్లస్ అడుగున పేరుకున్న మేత, మలం లాంటి సేంద్రియ మలినాన్ని తినేస్తుంది, విబ్రియోకు తిండి తగ్గుతుంది. ప్రయోగశాల తొట్లలో మేతతో కలిపి ఇచ్చినప్పుడు విబ్రియో తాకిడికి రొయ్యలు మెరుగ్గా తట్టుకున్న ఫలితాలు చాలానే ఉన్నాయి.

సందేహించేవాళ్ళ వాదనా తీసిపారేసేది కాదు. రొయ్య పేగులో మేత గంటల్లోనే దాటిపోతుంది, కాబట్టి బయటి బాక్టీరియా అక్కడ కాపురం పెట్టడం కష్టం, ఆపేసిన కొన్నాళ్ళకే మాయమవుతుంది. 50 లీటర్ల తొట్టిలో తేలింది ఎకరం చెరువులో తేలనక్కర్లేదు. ఒకే బాసిల్లస్ సబ్టిలిస్ పేరున అమ్మే రెండు పాకెట్లలో రకాలు వేరు, గుణాలు వేరు. పైగా హెచ్‌పీ కణం లోపల దాక్కున్న ఈహెచ్‌పీని పేగులోని బాసిల్లస్ అందుకోలేదు. యాంటీబయాటిక్స్‌దీ ఇక్కడ అదే గతి, అవి బాక్టీరియా కోసం చేసినవి, ఈహెచ్‌పీ బాక్టీరియా కాదు. నిషేధిత యాంటీబయాటిక్ అవశేషం దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుందన్నది దానికి అదనం.

బ్లీచింగ్ విషయంలోనూ ఇలాంటి మెలికే ఉంది. నీళ్ళను క్రిమిరహితం చేస్తే మంచిదేగా అనిపిస్తుంది. 1990ల్లో నార్వే పరిశోధకులు సముద్ర చేపల హేచరీల్లో చూసిందేమిటంటే, అంతా చచ్చాక ఖాళీ అయిన నీటిలోకి ముందుగా ఉరికేవి వేగంగా పెరిగే అవకాశవాద బాక్టీరియాలు. విబ్రియోలు ఆ కోవలోవే, తిండీ వెచ్చదనమూ దొరికితే 20 నిమిషాల్లోపే రెట్టింపవుతాయి. నిదానంగా పెరిగే రకాలు నిండి కుదుటపడిన నీటిలోనే వాటి ఆట కట్టు. వైట్ స్పాట్ వైరస్‌ను మోసుకొచ్చే పీతలనూ చిన్న రొయ్యలనూ చంపడానికి బ్లీచింగ్ అవసరమన్నది ఎంత నిజమో, ఆ వెంటనే పిల్లలు వదిలితే అవి ఎవరి మధ్యకు వెళ్తున్నాయన్న ప్రశ్న అంత నిజం.

నెగటివ్ అంటే ఎంత నెగటివ్?

సీడ్ కొనేటప్పుడు పీసీఆర్ నెగటివ్ అన్న కాగితం ఇస్తారు. ఆ మాట బరువు, ఎన్ని పిల్లల్ని పరీక్షించారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక ట్యాంకులో వందకు ఒక పిల్లకు ఈహెచ్‌పీ ఉందనుకుందాం. నమూనాలో ఒక్కటున్నా పరీక్ష పట్టేస్తుందని కూడా అనుకుందాం. 5 పిల్లల్ని తీస్తే ఐదూ మంచివే తగలడానికి 95 శాతం అవకాశం, అంటే జబ్బున్న ట్యాంకు నెగటివ్‌గా బయటపడినట్టే. 150 తీస్తే తప్పించుకునే అవకాశం 22 శాతానికి దిగుతుంది. 300 తీస్తే 5 శాతం. లక్షన్నర పిల్లల్లో వందకు ఒకటంటే పదిహేను వందలు, చెరువులో వ్యాధి మొదలవడానికి అన్నీ అక్కర్లేదు.

పాజిటివ్ అన్నా అంతే, అన్ని పాజిటివ్‌లూ ఒకటి కావు. రియల్ టైమ్ పీసీఆర్‌లో సీటీ విలువ అని ఒక అంకె ఉంటుంది. ప్రతి ఆవృత్తికీ డీఎన్ఏ సుమారు రెట్టింపవుతుంది కాబట్టి, తక్కువ ఆవృత్తుల్లోనే పట్టుబడిందంటే మొదట్లోనే ఎక్కువ ఉన్నట్టు. సీటీ 35 వచ్చిన రొయ్యకూ 25 వచ్చిన రొయ్యకూ తేడా పది రెట్టింపులు, అంటే దాదాపు వెయ్యి రెట్లు.

మట్టి సంగతి వేరే. ఈహెచ్‌పీ స్పోరుకు దళసరి గోడ ఉంటుంది, పాత పంట మలంతో అడుగున చేరి తర్వాతి పంట దాకా కాచుకుంటుంది. థాయ్ నిపుణుల సూచన ఎండిన చెరువును దున్ని హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం వేసి తడపాలని, అంటే ఎకరానికి దాదాపు రెండున్నర టన్నులు. మట్టి పీహెచ్ 12 దాకా ఎగబాకితేనే స్పోరు దెబ్బతింటుందన్నది దాని తర్కం. మనవాళ్ళు మామూలుగా చల్లే వ్యవసాయ సున్నం ఎంత వేసినా పీహెచ్ అక్కడికి చేరదు.

అదే చెరువులో పదో రోజు నెగటివ్, నలభయ్యో రోజు పాజిటివ్ వస్తే రిపోర్టులు రెండూ నిజమే కావచ్చు. సీడ్‌తో వచ్చిన కొద్దిపాటిదే పెరిగి ఉండొచ్చు, అడుగు మట్టిలోంచి ఎక్కి ఉండొచ్చు, పక్క చెరువు వదిలిన నీటితో కాలువ దాటి వచ్చి ఉండొచ్చు. ఏదన్నది తేల్చాలంటే పిల్లలు వదలకముందు మట్టినీ నీటినీ కూడా పరీక్షించి ఉండాలి. హేచరీకీ రైతుకూ తగాదా వచ్చేసరికి సాధారణంగా ఆ రిపోర్టు ఎవరి దగ్గరా ఉండదు.